పన్నెండు షీట్లతో వంశధార వెంట

బయలుదేరే ముందు రాత్రి, విజయనగరం

సంక్రాంతి వెళ్లిన వారం. పండక్కి వచ్చిన చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. రాత్రి పది దాటాక బాత్‌రూమ్ కిటికీకి దుప్పటి కట్టి, తలుపు కింద సందులో తువ్వాలు దూర్చి, లైటు ఆర్పేసి పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఎక్కడైనా సన్నటి వెలుతురు గీత కనిపిస్తుందేమో చూడాలి. కనిపించలేదు. అప్పుడు ఫిల్మ్ పెట్టె విప్పాను.

నా కెమెరాలో రీలు పట్టదు. 4×5 అంగుళాల విడి షీట్లు వాడాలి. ఒక్కో హోల్డర్‌లో అటొకటి, ఇటొకటి రెండు షీట్లు పడతాయి. షీటు మూలన చిన్న గంట్లు ఉంటాయి. నిలువుగా పట్టుకున్నప్పుడు ఆ గంట్లు కుడివైపు పైమూలన వేలికి తగిలితే మందు పూసిన వైపు మన ముఖానికి ఉన్నట్టు లెక్క. అంతా వేళ్లతోనే తెలుసుకోవాలి. ఆరు హోల్డర్లు నింపాను. ఐదు రోజులకు పన్నెండు షీట్లు.

"ఇంకో పెట్టె తెప్పించుకోకపోయారా?" అంది మా ఆవిడ. బయటి దేశాల నుంచి వచ్చే ఫిల్మ్, ఖరీదు ఎక్కువ. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్మ్ తయారు చేసేవారు, ఆ కర్మాగారం మూతపడింది. కానీ నేను పన్నెండుతో ఆగడానికి డబ్బొక్కటే కారణం కాదు. పన్నెండే ఉన్నాయని తెలిస్తే నేను నిలబడి చూస్తాను. చేతిలో సెల్‌ఫోన్ ఉన్నప్పుడు అంతసేపు చూడను.

మా తాతయ్యకు ఈ ఊళ్లోనే స్టూడియో ఉండేది. కేరళలోని అలెప్పీలో తయారైన వాగీశ్వరి చెక్క కెమెరాతో పెళ్లిళ్లూ, కుటుంబాల ఫొటోలూ తీసేవాడు. ఆ కెమెరా ఎప్పుడో అమ్ముడైపోయింది. నల్లగుడ్డ మాత్రం మిగిలింది. బయట నలుపు, లోపల ఎరుపు, అంచుల చుట్టూ నానమ్మ చేతికుట్టు. దాన్ని మడిచి సంచిలో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాను. "ముందు నీడ కొలవరా" అనేవాడు తాతయ్య. ఈ ప్రయాణమంతా ఆ మాటనే పట్టుకుని తిరిగాను.

మొదటి రోజు, కళింగపట్నం

శ్రీకాకుళంలో గది సులువుగానే దొరికింది. రథసప్తమి దగ్గర పడితే అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనానికి వచ్చే జనంతో ఊళ్లో చోటు ఉండదు. అందుకే ముందే వచ్చాను. మధ్యాహ్నం భోంచేసి, ఆటో మాట్లాడుకుని కళింగపట్నం వెళ్లాను.

ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార దాదాపు 254 కిలోమీటర్లు నడిచి ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు ఇది. ఇప్పుడు లైట్‌హౌస్, సరుగుడు తోటలు, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు. నేను వచ్చింది మాత్రం నది నోటి దగ్గరి ఇసుక మేట కోసం. జనవరిలో నీరు సన్నబడి, మేట మీద గాలి గీసిన చారలు నీటి అంచు దాకా వెళ్తాయి.

ట్రైపాడ్ నిలబెట్టి, కెమెరా బిగించి, నల్లగుడ్డ కప్పుకున్నాను. వెనకనున్న గరుకు గాజు మీద బొమ్మ తలకిందులుగా, కుడిఎడమలు తారుమారై పడుతుంది. సముద్రం కిందకి, ఇసుక పైకి వచ్చేశాయి. కాళ్ల దగ్గరి చారల నుంచి దూరాన నురుగు గీత దాకా అంతా స్పష్టంగా రావాలంటే లెన్స్‌ను కొంచెం ముందుకు వంచాలి. అలా వంచితే ఫోకస్ నిలువు గోడలా నిలబడకుండా నేల మీద చాపలా పరుచుకుంటుంది. ఈ సూత్రానికి ఆస్ట్రియా సైన్యంలో పనిచేసిన థియోడోర్ షైమ్‌ఫ్లూగ్ పేరు ఉంది. బెలూన్ల మీంచి తీసిన ఫొటోల్లోని వంకర సరిచేసి, వాటి నుంచి పటాలు గీయడానికి ఆయన దీని మీద పనిచేశాడు. మామూలు కెమెరాలో లెన్స్ ఇలా వంగదు. ఈ పెద్ద కెమెరాను మోయడానికి నాకున్న మొదటి కారణం ఈ వంపే.

పొద్దు వెనక్కి, ఊరి వైపు వాలింది. సముద్రం పాలిపోయి, ఇసుక వెలుగుతున్నట్టు ఉంది. వెలుతురు కొలిచే మీటర్ 10 సెకన్లు చెప్పింది. కానీ వెలుతురు తగ్గి సమయం పెరిగే కొద్దీ ఫిల్మ్ మందగిస్తుంది. నేను వాడే ఎఫ్‌పీ4 ప్లస్ ఫిల్మ్‌కు 10 సెకన్ల చోట సుమారు 18 సెకన్లు ఇవ్వాలి. మొదటి షీటుకు షట్టర్ తెరిచి లెక్కపెడుతున్నాను. పన్నెండు దగ్గర సముద్రం గాలి ఒక్కసారి కొట్టింది. లెన్స్‌కూ వెనక గాజుకూ మధ్యనుండే మడతల సంచి, బెలోస్, తెరచాపలా ఉబ్బి కెమెరా మొత్తం వణికింది. ఆ షీటు పోయింది. రెండో షీటుకు ఆటో తమ్ముడు గొడుగు అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. ఆ 18 సెకన్లూ ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

రెండో రోజు, శాలిహుండం

కళింగపట్నానికి కాస్త ఎగువన, వంశధార దక్షిణపు గట్టున శాలిహుండం కొండ. పైన బౌద్ధ స్తూపాల, విహారాల పునాదులు. 1919లో ఈ చోటును గుర్తించి వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషి, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిన మనిషి ఈ ఇటుకల దిబ్బల మధ్య తిరిగాడన్న ఊహే నాకు ఎంతో బావుంటుంది.

పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. నేను తీసుకోలేదు. కెమెరా సంచి ఆటోలోనే వదిలి ఒట్టి చేతులతో కొండెక్కాను. గుండ్రటి స్తూపం పునాది చుట్టూ ఒకసారి తిరిగి, తూర్పు వైపు కూర్చున్నాను. కింద నది మెలికలు, అటు చివర సముద్రం. ఫొటో తీయలేని చోట కంగారు ఉండదు. గంటసేపు కూర్చుంటే, ఏ పొలం గట్టు మీద ఎన్ని తాడిచెట్లు ఉన్నాయో, వాటి నీడలు ఎటు జరుగుతున్నాయో అన్నీ పైనుంచి తెలిసిపోయాయి. ఆ రోజు ఎక్కడ నిలబడాలో అక్కడే నిర్ణయమైంది.

దిగి ఆ గట్టు దగ్గరికి నడిచాను. వరి కోతలైపోయి పొలాల్లో పెసర, మినుము మొలకలు. కళ్లం పక్కన పెద్ద గడ్డివాము, ఎండ పడి కళ్లు చెదిరేలా ఉంది. దాని వెనక తాటాకుల పాక, లోపల చిక్కటి నీడ. పక్కన చిన్న చెరువు, గట్టు మీద వరసగా తాడిచెట్లు. మూడు కాళ్లు చాపి ట్రైపాడ్ దించానో లేదో, పాకలోంచి ఒక పెద్దాయన గబగబా వచ్చాడు.

"ఏటి బావూ, సర్వే సేత్తన్నారా? మల్లీ కొలిసేత్తారేటి?"

ముఖంలో నిజమైన భయం. ట్రైపాడ్ మీద పెట్టెను చూస్తే ఎవరికైనా ముందు సర్వేనే గుర్తొస్తుంది. మా జిల్లాల్లో అర ఎకరం, పావు ఎకరం మీద బతికేవాళ్లకు కొలత అంటే టెన్షన్. కాదు తాతా, ఫొటో అని చెప్పాను. నమ్మలేదు.

"ఫొటోకి ఇంత పెట్టె ఏల? సెల్లులో రాదేటి?"

చెప్పడం కన్నా చూపించడం మేలనిపించింది. నల్లగుడ్డ ఎత్తి లోపలికి రమ్మన్నాను. తలపాగా తీసి చంకలో పెట్టుకుని వంగాడు. కాసేపు ఏమీ కనిపించలేదు. గాజు మీద చేయి పెట్టబోతే ఆపి, కొంచెం వెనక్కి జరిగి చూడమన్నాను. అప్పుడు గుడ్డలోంచి గొంతు వినిపించింది.

"ఓలమ్మో! మా సెరువు ఆకాసంలోకి ఎల్లిపోనాది. తాళ్లు కిందకి ఏలాడతన్నాయి!"

చాలాసేపు బయటికి రాలేదు. తన పొలమే, రోజూ చూసేదే. అయినా అలా చూశాడు. షైమ్‌ఫ్లూగ్ పటాలు గీయడానికి పనిచేసిన ఆ సూత్రమే నా చేతిలో ఉంది కాబట్టి, పెద్దాయన అనుమానం మరీ తప్పేం కాదని తర్వాత అనిపించింది.

ఇక కొలత. ఒక చిన్న చోటి వెలుతురును మాత్రమే కొలిచే స్పాట్ మీటర్‌తో ముందు పాకలోని నీడ చూశాను: 9. గడ్డివాము మీద ఎండ: 14. మధ్యలో ఐదు స్టాపుల తేడా; ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు. మీటర్‌కు గడ్డీ తెలియదు, నీడా తెలియదు. దేన్ని చూపిస్తే దాన్ని నడిమి బూడిద రంగు చేయమంటుంది. 1940 ప్రాంతంలో అమెరికా ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి రూపొందించిన జోన్ పద్ధతి ఇక్కడే పనికొస్తుంది. కటిక నలుపు సున్నా, తెల్ల కాగితం పది, నడిమి బూడిద ఐదు. నీడలో వస్తువులు గుర్తుపట్టేలా ఉండాలంటే దాన్ని మూడో జోన్‌లో పెట్టాలి, అంటే మీటర్ చెప్పినదానికన్నా రెండు స్టాపులు తక్కువ ఇవ్వాలి. అప్పుడు గడ్డివాము ఎనిమిదిలో పడుతుంది, గడ్డి పోచలు తెలుపులో కరిగిపోతాయి. దాన్ని ఏడుకు దించాలంటే డెవలప్ చేసేటప్పుడు సమయం తగ్గించాలి. నీడ సంగతి కెమెరా దగ్గర తేలిపోవాలి, వెలుగు సంగతి మందు దగ్గర. తాతయ్య ఏ జోన్ల పేర్లూ చెప్పలేదు గానీ ఆయన చేసిందీ ఇదే. నీడలో అందనిది తర్వాత ఏ మందూ తేలేదు.

ఆకాశం మరీ తెల్లబోకుండా పసుపు ఫిల్టర్ పెట్టాను, దానికి ఒక స్టాపు. లెన్స్‌ను పైకి జరిపి, తాళ్ల తలలు తెగకుండా, చెట్లు వెనక్కి వాలినట్టు రాకుండా చూసుకున్నాను. లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి, ఎఫ్/32 దగ్గర ఒక సెకను.

"నాను ఇక్కడ కూకుంటే సెడిపోద్దేటి?" అన్నాడు పెద్దాయన, పాకలో నులకమంచం చూపించి.

కూర్చోమన్నాను. ఒక్క సెకను కదలొద్దని చెప్తే నేను హోల్డర్ పెట్టడం మొదలెట్టిన దగ్గర్నుంచీ బిగుసుకుని కూర్చున్నాడు. రెండు షీట్లు తీశాను. రెండోది అవసరం లేదు, కానీ ఇది పాడైతే నేను తట్టుకోలేను. వెళ్లేటప్పుడు, "బొమ్మొత్తే ఆ మలుపు కాడ టీ కొట్లో ఇయ్యి, నాకందుద్ది" అన్నాడు.

మూడో రోజు, శ్రీముఖలింగం

తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరాం. దారి పొడవునా మంచు, ఆటో లైటు రెండు బారల దూరం కూడా వెళ్లడం లేదు. శ్రీముఖలింగం వంశధార ఎడమ గట్టున ఉంది. తూర్పు గంగుల రాజధాని కళింగనగరం ఇదే. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు. ఊళ్లోకి వెళ్తుంటే ముందు కనిపించేది సోమేశ్వరం, మండపం లేకుండా ఒంటరిగా నిలబడ్డ శిఖరం. ఆ చీకట్లో దాని అంచు మాత్రమే తెలిసింది. ఇక్కడా ట్రైపాడ్ పెట్టకూడదు కాబట్టి దణ్ణం పెట్టుకుని నేరుగా ఏట్లోకి దిగాను.

ఏరంటే అప్పుడు ముప్పావు వంతు ఇసుకే. మంచులో అవతలి గట్టు లేదు, ఆకాశం లేదు. నీటి పాయ ఒక చోట వెండిలా మెరిసి, పది అడుగుల తర్వాత మాయమవుతోంది. ఇలాంటి చోట రంగు ఫొటో తీస్తే నీలంగా వస్తుంది, చలి గుర్తొస్తుంది. నలుపు తెలుపులో తెలుపుకు ఎన్ని మెట్లు ఉన్నాయో తెలుస్తుంది. మంచు మీద మీటర్ పెడితే అది దాన్నీ బూడిద చేయమంటుంది. ఒకటిన్నర స్టాపు ఎక్కువ ఇచ్చి దాన్ని దాని తెలుపులో ఉంచాను. తేడాలు మరీ తక్కువ కాబట్టి ఈ షీట్లను ఎక్కువసేపు డెవలప్ చేయాలని పుస్తకంలో రాసుకున్నాను. లెన్స్ మీద తేమ పడుతుంటే నిమిషానికోసారి మెత్తటి గుడ్డతో అద్దుతూ ఉన్నాను.

రెండు షీట్లు అయ్యాక, ఇసుకలో తవ్విన చెలమ దగ్గరికి ఇద్దరు ఆడవాళ్లు బిందెలతో వచ్చారు. ఫొటో తీయొచ్చా అని అడిగితే ఒకామె చీర చెంగు సర్దుకుని వద్దని చెయ్యి ఊపింది. కెమెరా పక్కకు తిప్పి, వాళ్లు నీళ్లు తోడుకుని వెళ్లేదాకా గట్టు మీద కూర్చున్నాను.

అప్పుడు పడవ వచ్చింది. నాటు పడవ, మనిషి నిలబడి గెడ వేస్తున్నాడు. మంచులోంచి ముందు గెడ కనిపించింది, తర్వాత మనిషి, తర్వాత పడవ. నేను ఫ్రేమ్ ముందే కట్టుకుని ఉన్నాను. హోల్డర్ దూర్చి, షీటుకు వెలుతురు తగలకుండా మూసి ఉంచే పలకను, డార్క్ స్లైడ్‌ను, లాగేశాను. లాగాక చూశాను, ఫోకస్ కోసం తెరిచిన షట్టర్ తెరిచే ఉంది. స్లైడ్ కదిలిన క్షణానే షీటు నిండా వెలుతురు పోసుకుంది. రెండో వైపు తిప్పి పెట్టేంత సమయం లేదు. పడవ ఫ్రేమ్ మధ్యలోంచి, సరిగ్గా నేను అనుకున్న చోటు నుంచి వెళ్లి మంచులో కలిసిపోయింది. చాలాసేపు గుండె బరువుగా ఉండింది. షట్టర్ మూయడం, దాన్ని ఒకసారి వట్టిగా నొక్కి చూడటం, తర్వాత స్లైడ్ లాగడం: ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని. చూపు పడవ మీదకి పోయి చెయ్యి మరిచిపోయింది.

తొమ్మిదింటికి మంచు విచ్చుకుంటుంటే ఖాళీ ఏటిని ఒక షీటు తీశాను, పడవ వెళ్లిన చోట నీటి మీద సన్నటి గీత ఇంకా ఉండగా.

తర్వాత మధుకేశ్వరుని గుడిలో, కెమెరా లేకుండా, గోడల మీది శిల్పాలు చూస్తూ మధ్యాహ్నం దాకా గడిపాను. గిడుగువారు 1863లో పుట్టిన పర్వతాలపేట ఈ ఊరికి దగ్గరే. నిన్న పాక దగ్గర విన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. "ఎల్లిపోనాది" అన్న మాటను "వెళ్లిపోయింది" అని దిద్దకుండా ఈ కథనంలో ఉంచడానికి నాకు ధైర్యం ఈ వంశధార గట్టు మీదే వచ్చింది.

నాలుగో రోజు, దన్నానపేట

ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో రాతి యుగాల తర్వాతి కాలపు బృహత్ శిలా సమాధి ఉంది. కింద రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒకే ఒక్క పెద్ద బండ. దాన్ని అంత ఎత్తుకు ఎలా లేపారో ఊహించుకుంటూ చుట్టూ తిరిగాను. మధ్యాహ్నం ఎండలో బండ చప్పగా ఉంటుంది. సాయంత్రం పక్క వెలుగు రాతి మీద గరుకును పైకి లేపేదాకా ఆగి, దూరంగా పొలం గట్టు మీంచి ఒక్క షీటు తీశాను. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి రాత్రికి ఇల్లు చేరాను.

ఐదో రోజు, రామతీర్థం

ఇంటి నుంచి పొద్దున్నే వెళ్లి వచ్చేంత దూరం. రాముని గుడి వెనక కొండలు, గురుభక్తుల కొండ మీద బౌద్ధుల నాటి ఇటుక కట్టడాలు. నేను మాత్రం కొండను దూరం నుంచే, మామిడి తోటల మీదుగా చూడాలనుకున్నాను. తోటలు పూత మీద ఉన్నాయి, కింద ఎర్రమట్టి.

కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఎంత వేరో! ఫిల్మ్ మీద రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో పడి కలిసిపోతాయి. నారింజ ఫిల్టర్ పెడితే ఎర్రమట్టి తెల్లబడుతుంది, ఆకులు నల్లబడతాయి, ఆకాశం కొంచెం దిగుతుంది. రెండు స్టాపులు అదనం. ఎర్ర ఫిల్టర్ కూడా పెట్టి చూశాను, దానికి మూడు స్టాపులు. తోట మరీ బొగ్గులా అయిపోతుందనిపించి తీసేశాను. నారింజతోనే రెండు షీట్లు. ఒకటి మిగిలింది. తీయాలనిపించేది ఇంకేమీ కనిపించలేదు. ఉంచేశాను.

ఆ రాత్రి, మళ్లీ బాత్‌రూమ్‌లో

డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మా ఊరి కుళాయి నీళ్లు జనవరిలో కూడా అంత చల్లగా రావు. రెండు రోజులుగా మట్టికుండలో పెట్టి ఉంచిన నీళ్లలో మందు కలిపి, థర్మామీటర్ ముంచితే 20 దాటి అర డిగ్రీ. అది చాలు. ఐడీ-11 అనే డెవలపర్, ఒకటికి ఒకటి నీళ్లు. మామూలు షీట్లకు 11 నిమిషాలు, మంచు షీట్లకు 14, గడ్డివాము షీట్లకు 9. ఈ ఫిల్మ్ అన్ని రంగుల వెలుతురుకూ స్పందిస్తుంది కాబట్టి ఎర్ర లైటు కూడా వేయకూడదు. చీకట్లో ట్రేలో షీట్లను అడుగు నుంచి పైకి ఒక్కొక్కటీ తీసి పెడుతూ, బయట గడియారం టిక్కులు లెక్కపెట్టుకున్నాను.

చివర హైపో, బొమ్మ చెదరకుండా నిలబెట్టే ఉప్పు నీళ్లు. 1819లో ఇంగ్లండ్‌లో జాన్ హెర్షెల్ ఈ ఉప్పు వెండి లవణాలను కరిగిస్తుందని కనిపెట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఫొటోలు నిలిచింది దానివల్లే. నాకు మాత్రం ఆ వాసన అంటే తాతయ్య చొక్కా.

లైటు వేశాను. కళింగపట్నం మొదటి షీటు అనుకున్నట్టే రెండుగా చెదిరింది. పడవ షీటు ఒట్టి నలుపు. దాన్ని పారేయలేదు, మిగిలిన వాటి పక్కనే క్లిప్పు పెట్టి వేలాడదీశాను. మంచు ఏరు బాగుంది, అనుకున్నదానికన్నా బాగుంది.

గడ్డివాము షీటును లైట్‌బాక్స్ మీద పెట్టి లూప్ (చిన్న భూతద్దం) ఆనించాను. నెగెటివ్ కాబట్టి ఎండ పడ్డ గడ్డి నల్లగా ఉంది, అయినా పోచలు విడివిడిగా తెలుస్తున్నాయి. పాక లోపల, పల్చటి చోట వెతికాను. వరిగింజంత మనిషి. పంచె నల్లగా, ముఖం పల్చగా. మంచం నులక అల్లిక కూడా ఉంది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని సూటిగా కెమెరా వైపు చూస్తున్నాడు.

మర్నాడు దాన్ని కాగితం మీద అచ్చంగా అదే సైజులో, గాజు కింద నొక్కి ప్రింట్ తీశాను. కడిగి ఆరబెట్టి, వంగకుండా రెండు అట్టల మధ్య పెట్టాను. ఆదివారం ఆ మలుపు దగ్గరి టీ కొట్టుకు వెళ్తున్నాను. పన్నెండో షీటు ఇంకా హోల్డర్‌లోనే ఉంది, దాన్నీ పట్టుకెళ్తాను.